అమీను నుంచి కొత్వాలు దాకా: రాజా బహదూర్ వెంకట రామారెడ్డి



స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు బడి జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. మంజీర ఒడ్డున ఈత, నిజాంసాగర్ కాలువ గట్టు మీద సైకిలు, పరీక్షలప్పుడు కందిలి కింద చదువు, ఇవన్నీ నాకూ ఉన్నాయి. కానీ కిందటిసారి కలుసుకున్నప్పుడు జరిగిన ఒక చిన్న విషయం మనసులో నుంచి పోలేదు. ఎస్సై పరీక్షకు చదువుతున్న ఒక తమ్ముడు నా దగ్గరకొచ్చి, డీఎస్పీ కావాలంటే ఏం అర్హతలుండాలి సార్ అని అడిగిండు. నేను ఆ పదవిలోనే రిటైరైన వాణ్ని కాబట్టి గబగబా చెప్పేశాను. డిగ్రీ ఉండాలి. గ్రూప్-1 రాసి నేరుగా రావచ్చు. లేదంటే ఎస్సైగా చేరి, సీఐ అయి, ఆ తర్వాత పదోన్నతి మీద రావచ్చు. సివిల్ ఎస్సైకి మగవాళ్లయితే 167.6 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, పరుగు, ఇలా.

ఆ తమ్ముడు అన్నీ ఫోన్‌లో రాసుకొని వెళ్లిపోయిండు. ఇంటికొచ్చాక నాకు నిద్ర పట్టలేదు. నేను చెప్పినవన్నీ లోపలికి రావడానికి కావలసినవే. వచ్చాక ఆ కుర్చీలో కూచోవడానికి ఏం కావాలో ఒక్క మాట చెప్పలేదు. ఈ వ్యాసం ఆ మిగిలిన జవాబు. దాన్ని నా గొప్పగా చెప్పుకోలేను, ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది. అందుకే నాకంటే చాలా పెద్దవాడి జీవితం ద్వారా చెబుతాను. ఆయన పేరు రాజా బహదూర్ వెంకట రామారెడ్డి. హైదరాబాద్ నారాయణగూడ చౌరస్తాలో ఆయన విగ్రహాన్ని చూసి ఉంటారు. అక్కడి మహిళా కళాశాలకూ, మన పోలీసు అధికారులు శిక్షణ పొందే అకాడమీకీ ఆయన పేరే. చాలామంది ఈయన్నీ, నిజాం ఆఖరి రోజుల్లో ఉపప్రధానిగా ఉన్న పింగళి వెంకటరామారెడ్డినీ ఒకరే అనుకుంటారు. ఇద్దరూ వేరు.

వెంకట రామారెడ్డి 1869 ఆగస్టు 22న పాలమూరు జిల్లా వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టారు. చిన్నప్పుడే తల్లి ప్రేమకు దూరమై అమ్మమ్మ పెంపకంలో పెరిగారు. ఆ రోజుల్లో ఊళ్లలో సర్కారు బడులు లేవు. ఖాన్‌గీ బడిలో ఇసుక మీద వేలితో అక్షరాలు దిద్దడమే చదువు. ఆయనకు పెద్ద పరీక్షలు పాసైన సర్టిఫికెట్లు లేవు. కాలేజీ మెట్లు ఎక్కలేదు. కానీ తెలుగుతో పాటు ఉర్దూ, ఫారసీ నేర్చారు. రాయచూరు వైపు వెళ్లాక కన్నడం, మరాఠీ కూడా పట్టుబడ్డాయి.

భాషల సంగతి ఎందుకు ముందుగా చెబుతున్నానంటే, ఆనాటి పోలీసు ఉద్యోగానికి అది ప్రాణం వంటిది. అప్పటి నిజాం రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లు, నాలుగో వంతు మరాఠీవాళ్లు, మిగిలినవాళ్లలో కన్నడం, ఉర్దూ మాట్లాడేవాళ్లు ఉండేవారు. 1880ల నడుమ కచేరీల్లో ఫారసీ పోయి ఉర్దూ వచ్చింది. జనం మాట్లాడేది ఒక భాష, కాగితం మీద రాసేది ఇంకొక భాష. ఫిర్యాదు చెప్పేవాడికి తాను చెప్పింది కాగితం మీదకు ఎట్లా ఎక్కిందో తెలిసే దారే లేదు. ఠాణాలో కూచున్న మనిషికి రెండు భాషలూ వచ్చి, రెంటికీ నడుమ నిజాయితీగా ఉంటేనే పేదవాడికి న్యాయం.

ఇరవై ఏళ్లయినా నిండకముందే ఆయన రాయచూరు ప్రాంతంలోని ముద్గల్ ఠాణాకు అమీను అయ్యారు. అమీను అంటే ఠాణా అధికారి. ఇప్పటి ఎస్సై అనుకోవచ్చు. మన తాతల నోట అమీన్‌సాబ్ అనే మాట వినే ఉంటారు. ఊళ్లో పోలీసు పటేలు, ఠాణాలో జవాన్లు, జమేదారు, వాళ్ల మీద అమీను, కొన్ని ఠాణాల మీద సదర్ అమీను, జిల్లాకు మొహతమీం, అందరి మీద హైదరాబాద్‌లో పెద్ద అధికారి. సాలార్‌జంగ్ సంస్కరణలతో 1860లలో జిల్లాలకు విడిగా పోలీసు శాఖ ఏర్పడ్డాక వచ్చిన అంతస్తులివి. మన బాన్సువాడ తాలూకా కూడా ఇందూరు జిల్లాలో ఇదే పద్ధతి కింద ఉండేది.

మీసాలు సరిగా రాని కుర్రవాడు, తనకంటే రెట్టింపు వయసున్న జవాన్లు, జమేదార్ల మీద అధికారి. నేను ఎస్సైగా మొదటి ఠాణాకు వెళ్లినప్పుడు నా కాళ్లు వణికిన సంగతి ఇన్నేళ్లైనా మరువలేదు. నాకు వెనక ప్రభుత్వం, చట్టం, వైర్‌లెస్, జీపు ఉన్నాయి. ఆయనకు గుర్రం, లాఠీ, మాట మాత్రమే ఉన్నాయి. ఆయన నెగ్గుకొచ్చింది మాటతోనే. అక్కడి నుంచి ఏళ్ల తరబడి జిల్లాల్లో పనిచేస్తూ, ఒక్కొక్క మెట్టూ ఎక్కి మొహతమీం స్థాయికి చేరారు. నడుమ కొంతకాలం వనపర్తి సంస్థానానికి సెక్రటరీగా వెళ్లి పాలన కూడా చూశారు. లెక్కలు, శిస్తులు, చెరువులు, రైతుల తగాదాలు చేతుల మీదుగా వెళ్లిన మనిషి మళ్లీ పోలీసు శాఖలోకి వస్తే, నేరం వెనక ఉన్న ఆకలి కూడా కనబడుతుంది.

ఈ నడిమి మెట్ల మీదే ఆయన ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. కొత్వాలు అయిన సంగతి అందరూ చెప్పుకుంటారు గానీ, అంతకుముందు దాదాపు ముప్పై ఏళ్లు నడుమనే ఉన్నారు. పోలీసు శాఖలో నడిమి అధికారి పని బయటివాళ్లకు పెద్దగా తెలియదు. ఠాణా నడిపేది ఎస్సై, సీఐ. జిల్లాను నడిపేది ఎస్పీ. నడుమ డీఎస్పీ ఏం చేస్తాడని నన్ను చాలామంది అడిగారు. ఘోర నేరం జరిగితే ఆ స్థలానికి వెళ్లి చూడాలి. కేసు డైరీలు చదివి, దర్యాప్తు ఎక్కడ దారి తప్పిందో పట్టుకోవాలి. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసైతే డీఎస్పీకి తక్కువ కాని అధికారే స్వయంగా దర్యాప్తు చేయాలి. 60 రోజుల్లో పూర్తి చేయాలి. ఊరేగింపులు, పండుగలు, ఎన్నికల బందోబస్తు చూడాలి. కింది సిబ్బంది సెలవులు, తగాదాలు, ఇంటి కష్టాలు వినాలి. పైనుంచి వచ్చిన ఆర్డరు ఠాణాకు చేరేసరికి మరీ కటువు కాకుండా, ఠాణా నుంచి వెళ్లే రిపోర్టు పైకి చేరేసరికి అబద్ధం కాకుండా చూడాలి. చివరిదే అన్నిటికంటే కష్టం. చట్టం పుస్తకంలో అది ఎక్కడా రాసి లేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను ఎస్సైగా ఉన్న రోజుల్లో, వేరే జిల్లాలో, మరాఠీ మాట్లాడే ఊళ్లున్న ఒక ఠాణాలో పనిచేశాను. ఒక రాత్రి ఒక ముసలామె వచ్చింది. కొడుకు ఇంటికి రాలేదని ఏడుస్తోంది. నాకు మరాఠీ రాదు. ఆమెకు తెలుగు రాదు. పక్కన నిలబడ్డ ఒకాయన నేను చెబుతా సార్ అని ముందుకొచ్చిండు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకొని, ఆమె వేలిముద్ర తీసుకున్నాను. మూడో రోజు కొడుకు శవం బావిలో దొరికింది. ఆ తర్వాత తెలిసింది, ఆమె ఆ రాత్రి ఇద్దరి పేర్లు చెప్పిందట. నా కాగితం మీదకు ఒక్క పేరే వచ్చింది. రెండో పేరు నాకు మాట మార్చి చెప్పినాయన బావమరిదిది. మొదటి ఫిర్యాదులో లేని పేరు తర్వాత చేర్చారని కోర్టులో వాదించారు. వాడు బయటపడ్డాడు. ఆమె కోర్టు వరండాలో నన్ను చూసి ఏమీ అనలేదు. తిడితే బాగుండు అనిపించింది.

ఆ తర్వాతే నేను మరాఠీ నేర్చుకున్నాను. ఆలస్యంగా. అదే రోజుల్లో ఒక లైబ్రరీలో వెంకట రామారెడ్డి జీవితచరిత్ర చేతికి తగిలింది. సురవరం ప్రతాపరెడ్డి గారు 1939లో రాసిన పుస్తకమది. ముద్గల్‌లో అమీనుగా ఉన్న కుర్రవాడికి కన్నడం వచ్చని చదివినప్పుడు నాకు సిగ్గేసింది. ఆయనకు డిగ్రీ లేదు, నాకు ఉంది. కానీ ఆ కుర్చీకి కావలసిన అర్హత ఆయనకుంది, నాకు లేకపోయింది.

హైదరాబాద్ నగర పోలీసు వ్యవస్థ జిల్లాలది కాదు, విడిగా ఉండేది. దాని అధిపతి కొత్వాలు. ఆయన నేరుగా నిజాంకు జవాబు చెప్పాలి. అప్పటి కొత్వాలు ఇమాద్ జంగ్, జిల్లాల్లో మంచి పేరున్న వెంకట రామారెడ్డిని తన కింద సహాయ అధికారిగా నగరానికి తెచ్చుకున్నారు. 1920లో ఇమాద్ జంగ్ కన్నుమూశాక ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆ పదవిని ఈయనకే ఇచ్చారు. నిజాం కాలంలో ఒక హిందువు నగర కొత్వాలు కావడం అదే మొదటిసారి. అమీనుగా మొదలైన మనిషి కొత్వాలు కావడం కూడా చిన్న సంగతి కాదు.

ఆ కుర్చీ పూలపాన్పు కాదు. అప్పుడే ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాల సెగ దేశమంతా రాజుకుంది. 1921 నవంబరులో వేల్స్ యువరాజు బొంబాయిలో దిగిన రోజే అక్కడ అల్లర్లు లేచి ప్రాణాలు పోయాయి. అదే యువరాజు 1922లో హైదరాబాద్ వచ్చారు. ఒకవైపు నిజాం ప్రతిష్ఠ, ఒకవైపు బ్రిటిష్ రెసిడెంటు కన్ను, మరోవైపు కోపంతో ఉన్న జనం. ఆ పర్యటన నగరంలో రక్తపాతం లేకుండా జరిగిపోయింది. మామూలుగా మన శాఖలో ఏదైనా జరిగితేనే పేరు. ఏమీ జరగకుండా చూసినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. ఈయనకు మాత్రం ఆ గుర్తింపు దక్కింది. నిజాం రాజా బహదూర్ బిరుదు ఇచ్చారు. బ్రిటిష్ ప్రభుత్వం ఓబీఈ ఇచ్చింది. 1934 దాకా, దాదాపు 14 ఏళ్లు ఆయన కొత్వాలు. మన దగ్గర మంజీర మీద నిజాంసాగర్ కట్టింది కూడా ఈ కాలంలోనే, 1923 నుంచి 1931 వరకు. మా నాన్న నీరటిగా తిరిగిన కాలువల్లో నీళ్లు మొదటిసారి పారిన రోజుల్లో పట్నంలో కొత్వాలు వెంకట రామారెడ్డి.

ఇంతవరకు రాసింది ఒక సమర్థుడైన అధికారి కథ. కానీ నాకు ఆయన మీద గౌరవం ఉన్నది వేరే కారణానికి.

ఆ రోజుల్లో తెలంగాణ పల్లెల నుంచి హైదరాబాద్‌కు చదువుకోవడానికి వచ్చే పిల్లలకు తల దాచుకునే చోటు ఉండేది కాదు. ఊళ్లో బడి లేదు. పట్నంలో బడి ఉంటే ఉండడానికి ఇల్లు లేదు. 1918లో వెంకట రామారెడ్డి పూనుకొని, సంస్థానాధీశుల దగ్గర, దేశ్‌ముఖుల దగ్గర చందాలు పోగుచేసి రెడ్డి హాస్టల్ మొదలుపెట్టారు. అప్పటికి ఆయన కొత్వాలు కూడా కాదు. చదువు దక్కని మనిషి పరాయి పిల్లల చదువు కోసం పెద్దల గడపలు ఎక్కి దిగారు. పోలీసు అధికారి చందా అడిగితే జనం భయంతో ఇస్తారని అనొచ్చు. అది కొంత నిజమే అయి ఉంటుంది. కానీ ఆ డబ్బు ఎక్కడికి పోయిందో వందేళ్ల తర్వాత కూడా వెళ్లి చూడవచ్చు. పేరులో కులం ఉంది, దాన్ని దాచనక్కరలేదు. అప్పట్లో ఎవరి పిల్లల కోసం వాళ్ల పెద్దలు వసతి గృహాలు కట్టుకున్న కాలమది. అందరి పిల్లలకూ సర్కారు హాస్టళ్లు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. మనలో ఎంతమందిమి అటువంటి సర్కారు హాస్టల్ అన్నం తిని పైకొచ్చామో మీకు తెలుసు.

తెలుగు పత్రిక కోసం సురవరం ప్రతాపరెడ్డి గారు తపించినప్పుడు కూడా కొత్వాలు అండగా ఉన్నారు. 1926లో గోలకొండ పత్రిక వచ్చింది. ప్రతాపరెడ్డి గారు రెడ్డి హాస్టల్ బాధ్యతలు కూడా చూశారు. 1928లో మాడపాటి హనుమంతరావు గారు నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగు మాధ్యమంలో బడి పెట్టినప్పుడు కూడా వెంకట రామారెడ్డి మద్దతు ఉంది. కచేరీ భాష ఉర్దూ అయిన రాజ్యంలో, నిజాంకు నమ్మకస్తుడైన అధికారి తెలుగు బడి వెనక నిలబడడం అంటే ఎంత నేర్పు, ఎంత తెగువ కావాలో ఊహించండి. ఎక్కడ మాట్లాడాలో, ఎక్కడ మౌనంగా పని చేసుకుపోవాలో తెలిసిన మనిషికే అది సాధ్యం.

ఆయన్ని దేవుణ్ని చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన పనిచేసింది ప్రజలెన్నుకున్న ప్రభుత్వానికి కాదు, ఒక రాజుకు. ఆ రాజ్యంలో సభ పెట్టుకోవాలంటే కూడా ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆ ఆంక్షలను అమలు చేసే యంత్రాంగానికి నగరంలో పెద్ద ఆయనే. పల్లెల్లో వెట్టి చాకిరీ నడుస్తుంటే, దాన్ని నడిపించిన దేశ్‌ముఖుల చందాలే హాస్టల్‌కు కూడా వచ్చాయి. ఇవన్నీ మరచిపోయి ఆయన్ని పొగిడితే అది చరిత్ర అనిపించుకోదు.

కానీ విచిత్రం చూడండి. ఆయన పెంచిన ఆ హాస్టల్‌లోనే రావి నారాయణరెడ్డి గారు ఉండి చదువుకున్నారు. తర్వాత ఆయనే ఆంధ్ర మహాసభకూ, నిజాంకు వ్యతిరేకంగా జరిగిన రైతుల సాయుధ పోరాటానికీ నాయకుడయ్యారు. 1952 తొలి ఎన్నికల్లో నల్లగొండ నుంచి నెహ్రూ గారి కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. కొత్వాలు అన్నం పెట్టి చదివించిన పిల్లలు, కొత్వాలు కాపాడిన రాజ్యాన్నే ప్రశ్నించారు. చదువు చెప్పిస్తే ఇదే జరుగుతుందని ఆ అనుభవజ్ఞుడికి తెలియక కాదనుకుంటాను. అయినా హాస్టల్ మూతపడలేదు.

1934లో కొత్వాలు పదవి నుంచి దిగాక కూడా నిజాం ఆయన్ని వదులుకోలేదు. తన సొంత జాగీర్లైన సర్ఫెఖాస్ వ్యవహారాలు చూడమన్నారు. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగియడం ఆయన కళ్లతో చూశారు. 1953 జనవరి 25న, ఎనభై మూడేళ్ల వయసులో కన్నుమూశారు. ఆ మరుసటి ఏడాది ఆయన పేర మహిళా కళాశాల మొదలైంది. తెలంగాణ వచ్చాక పోలీసు అకాడమీకి ఆయన పేరు పెట్టారు. ఇప్పుడు మన పిల్లలు డీఎస్పీలుగా, ఎస్సైలుగా ఎంపికైతే హిమాయత్‌సాగర్ దగ్గర ఆయన పేరున్న గేటు దాటే లోపలికి వెళ్తారు.

ఇక ఆ తమ్ముడి ప్రశ్నకు వస్తాను. తమ్మీ, డిగ్రీ సంపాదించు, పరుగు నేర్చుకో, చట్టాలు చదువు. అవి లేకపోతే గేటు దాటలేవు. కానీ మన బాన్సువాడ నుంచి పడమరకు పిట్లం, బిచ్కుంద, మద్నూరు దాకా ఒకసారి బస్సులో వెళ్లు. గంటన్నర దూరంలో తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం నాలుగూ చెవిన పడతాయి. వెంకట రామారెడ్డి నేర్చుకున్నవి కూడా అవే. ఏ యూనివర్సిటీకీ వెళ్లనక్కర లేకుండా ఆ అర్హత మన ఊరి బస్టాండులోనే దొరుకుతుంది. నీ క్లాసులో మరాఠీ పిల్లవాడుంటే వాడితో స్నేహం చెయ్యి. నీ ముందు నిలబడి ఏడుస్తున్న మనిషి మాట నీకు నేరుగా అర్థం కావాలి. నడుమ ఎవడూ ఉండకూడదు.

సార్లకు ఒక మనవి. పోలీసు ఉద్యోగమంటే ఇప్పటి పిల్లలకు గ్రౌండు, కోచింగు, బిట్లు అనే అనిపిస్తోంది. ఒక ఫిర్యాదు కాగితాన్ని చదివి, చెప్పింది ఏమిటి, రాసింది ఏమిటి అని తేడా పట్టుకునే చూపు బడిలోనే అలవడాలి. అర్జీ రాయడం, ఇతరులు చెప్పింది విని మార్చకుండా రాయడం, ఇవి తెలుగు సారు, హిందీ సారు, ఉర్దూ మేడం నేర్పగలిగినవే. నాకు ఓపిక ఉన్నంత కాలం నెలకు రెండు ఆదివారాలు బడికి వస్తాను. నాలుగు పాత కేసులు పేర్లు మార్చి తీసుకొస్తాను. అందులో మొదటిది ఆ ముసలామె కేసే.

సంఘం పెద్దలకు కూడా ఒక మాట. స్వర్ణోత్సవం గుర్తుగా గేటు కడదామా, విగ్రహం పెడదామా అని చర్చ జరుగుతోందని విన్నాను. దూరపు ఊళ్ల నుంచి వచ్చి పరీక్షలకు చదువుకునే పిల్లలకు రాత్రి పూట తెరిచి ఉండే ఒక గది, లైటు, నాలుగు భాషల పత్రికలు, తాగే నీళ్లు ఏర్పాటు చేస్తే చాలు. నా నెల పెన్షన్ నుంచి నా వంతు ఇస్తాను. గది మీద ఎవరి పేరూ రాయనక్కర లేదు.